మున్షీ గారి తెలుగు అర్జీ

నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు నేను గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చాను. ఒక చిన్న మున్సిఫ్ కోర్టులో తర్జుమా గుమాస్తా ఉద్యోగం. అప్పటిదాకా అక్కడ కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి. ఇకమీదట ఇంగ్లీషు కూడా కావాలన్నారు. మిషన్ బడిలో చదివిన వాణ్ని కాబట్టి నాకు ఇంగ్లీషూ తెలుగూ వచ్చు. ఉర్దూ ఒక్క ముక్క రాదు. మా మున్సిఫ్ గారిది ఔరంగాబాదు వైపు. ఆయనకు మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. వచ్చే జనంలో ఎక్కువమందికి తెలుగు తప్ప మరొకటి రాదు. ఇలాంటి చోట నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

రాంగోపాల్‌పేటలో మా పిన్ని ఇంట్లో దిగాను. పిన్ని మిషన్ బడిలో ఒకటో తరగతి టీచరు. బాబాయి పోయి అప్పటికి నాలుగేళ్లు. నన్ను కొడుకులా చూసుకునేది గానీ, భోజనానికి పది నిమిషాలు ఆలస్యమైతే ఒకటో తరగతి పిల్లాణ్ని నిలదీసినట్టు నిలదీసేది.

కోర్టు ఆవరణలో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఐదారుగురు అర్జీలు రాసేవాళ్లు చాపలు పరుచుకుని, ముందు చిన్న బల్లలు పెట్టుకుని కూర్చునేవారు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, వకీలు దాకా పోవలసిన అవసరం లేని చిన్న పనులున్నవాళ్లు వాళ్ల దగ్గరికే వెళ్లేవారు. ఆ పనికి పరీక్ష లేదు, లైసెన్సు లేదు. కలం పట్టడం వచ్చినవాడెవడైనా కూర్చోవచ్చు.

వాళ్లలో అందరికన్నా పెద్దాయనను మున్షీ సాబ్ అనేవారు. అరవై దాటిన మనిషి, సీతాఫల్‌మండిలో ఇల్లు. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది ఉర్దూ. అందుకని నోటికి తెలుగు, చేతికి ఉర్దూ అలవాటయ్యాయి. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాయడం ఆయనకు రాదు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు కాగితాలు తీసుకునే వేళ దాటిపోతోంది. మున్షీ గారి ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. అర్జీ రాయడం ఎప్పుడో అయిపోయింది. ఆయన మాత్రం దాన్ని చేత్తో పట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు.

"మున్షీ గారూ, వేలిముద్ర వేయించి ఇచ్చేయండి. లోపల మూసేస్తున్నారు" అన్నాను.

"జెర ఆగుండ్రి తర్జుమా సాబ్. ఆమె చెప్పింది నేను రాసిన. ఇప్పుడు నేనేం రాసిన్నో ఆమె నాకు చెప్పాలె గద" అన్నారు.

ముసలామె మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది.

"గోడ గూలగొట్టింది మా బావ అన్నవా సాబ్? బావ కాదు, మరిది. బావ పాపం మంచోడు."

మున్షీ గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు చేసి పక్కన పడేసి, కొత్త కాగితం తీశారు. నాకు మండిపోయింది. పక్కన కూర్చున్నవాళ్లు ఈయన ఒకటి రాసేలోపల ఐదు రాసేస్తారు. అయినా ఆ రాత్రి అన్నం తింటుంటే ఆ సంగతే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. ఆయన చదివి వినిపించకపోతే, ఆ మంచి బావ మీద సమను వెళ్లి ఉండేది.

ఆ ఏడాది ఆయనకు గడ్డుకాలం. షెడ్డులో ఆయనతోపాటు కూర్చునే ఇద్దరు ఊరు విడిచి పోయారు, మళ్లీ రాలేదు. ఏళ్ల తరబడి ఆయన దగ్గరికే వచ్చిన కొందరు ఇప్పుడు చూసీ చూడనట్టు పక్క బల్ల దగ్గరికి వెళ్లేవారు. ఒకడైతే ఆయనకు వినపడేలాగే తన తోటివాడితో, "ఇంకా ఆ సాయిబు దగ్గరికేనా పోయేది?" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. మున్షీ గారు తలెత్తలేదు. కలం పాళీని గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి మరెవరో వచ్చి కూర్చుంటే, "చెప్పు బిడ్డా, ఏం తక్లీఫ్ వచ్చింది?" అని ఎప్పటి గొంతుతోనే అడిగారు. ఆ గొంతులో చేదు ఏమైనా ఉందేమోనని నేను చెవులు రిక్కించాను. లేదు.

వానాకాలం మొదట్లో తిరుమలగిరి నుంచి ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లు ఉంటాయి. మిలిటరీ లైన్లలో బట్టలు ఉతికేది. లైన్ల అవతల ఒక జాగాలో ఇల్లు, బట్టలు ఆరేసుకునే తీగలు. అత్తగారి కాలం నుంచీ అక్కడే ఉంటున్నారు. ఒక కంట్రాక్టరు ఆ జాగా తనదంటూ దావా వేశాడు. ఆ దావా ఇంకా నడుస్తోందనే ఆమె అనుకుంటోంది. హఠాత్తుగా కోర్టు మనిషి వచ్చి, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలని నోటీసు ఇచ్చిపోయాడు.

మున్షీ గారు ఆ నోటీసు చదివి నా దగ్గరికి వచ్చారు. "ఈమె ఫైలు జెర చూపెడతరా సాబ్?" అన్నారు. నేను ఫైలు తీసి చూపించాను. అందులోని ఉర్దూ కాగితం ఒకటి చదువుతూ ఆయన అలాగే నిలబడిపోయారు. తరువాత ఆమెను పిలిచారు.

"పోయిన వాయిదాకు ముందు ఇక్కడెవరితోనన్న కాగితం రాయించినవా చెల్లె?"

"రాయించిన సాబ్. నా బిడ్డకు కాన్పు దినాలు. వాయిదా కావాలెనని రాయమన్న. గా మూలకు గూసుండే ఆయన రాసిండు. అంగూఠా పెట్టమన్నడు, పెట్టిన."

"ఇది వాయిదా కాగితం కాదమ్మా. రాజీనామా, అంటే రాజీ కాగితం. జాగా వాళ్లదే, నేను ఖాళీ జేస్త అని నువ్వు ఒప్పుకున్నట్టు రాసుంది."

ఆమె ఏడవలేదు. మున్షీ గారి వైపు, నా వైపు, ఆ కాగితం కింద నల్లగా ఉన్న తన వేలిముద్ర వైపు చూసింది. "నేను గట్ల చెప్పలే" అంది. మళ్లీ అదే మాట అంది.

ఆ రాజీనామాను రద్దు చేయమని మున్షీ గారు అర్జీ రాశారు. ఆమెకు వకీలు లేడు. విచారణ రోజున తానే బోను ఎక్కింది. అవతల కంట్రాక్టరు తరఫున పేరున్న పెద్ద వకీలు. మూల కూర్చుని ఆ రాజీనామా రాసిన ఆయననూ పిలిపించారు.

కాగితంలో ఏముందో ఆమెనే అడగమని మున్సిఫ్ గారు నాకు ఇంగ్లీషులో చెప్పారు. అడిగాను.

"వాయిదా సారూ. పదిహేను దినాలు ఆగుండ్రి అని."

రాసినాయన లేచి, తాను చదివి వినిపించాననీ, ఆమె సరేనందనీ, కింద ఆ మాట రాసి కూడా ఉందనీ అన్నాడు.

"ఏ భాషలో వినిపించావు?" అని మున్సిఫ్ గారు అడిగించారు.

"ఉర్దూలో హుజూర్. కోర్టు భాష అదే గదా."

మున్సిఫ్ గారు ఆమె వైపు తిరిగి, మెల్లగా, స్పష్టంగా ఉర్దూలో ఏదో అడిగారు. ఆమె నా వైపు తిరిగి, "ఏమంటుండ్రు సారూ?" అంది. ఆయన అడిగింది ఆమె వయసెంత అని మాత్రమేనని తరువాత తెలిసింది.

మున్సిఫ్ గారు బంట్రోతును పిలిచి, బీరువాలోంచి చేతికందిన పది ఫైళ్లు తెమ్మన్నారు. ఒక్కొక్కటే తిప్పారు. అన్నిటి కిందా ఉన్న ఒకే ఉర్దూ వాక్యాన్ని ఇంగ్లీషులో పైకి చదివారు. చదివి వినిపించగా విని ఒప్పుకొన్నది. చదివి వినిపించగా విని ఒప్పుకొన్నాడు.

"దీని పక్కన నేను ఎన్నిసార్లు సంతకం పెట్టానో" అని ఆయన ఇంగ్లీషులో అన్నారు. అది తర్జుమా చేయాలో వద్దో నాకు తెలియక ఊరుకున్నాను.

పెద్ద వకీలు లేచి, ఈ రాజీనామా ఎలా వచ్చిందో తన పార్టీ తనకు చెప్పలేదనీ, దాన్ని రద్దు చేసి దావా మళ్లీ వింటే తనకు అభ్యంతరం లేదనీ అన్నారు. ఆయన మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది. రాజీనామా రద్దయింది.

వారం తిరక్కుండా మున్సిఫ్ గారు తన గదిలోకి నలుగురిని పిలిపించారు. ఆ పెద్ద వకీలును, మున్షీ గారిని, తిరుమలగిరి ఆమెను, తర్జుమాకు నన్ను. అర్జీలు రాసేవాళ్లకు ఒక కాయిదా, కట్టుబాటు పెట్టాలని, అదెలా ఉండాలో చెప్పమని అడిగారు.

వకీలు గారు సూటిగా చెప్పారు. "ఆ షెడ్డునే ఎత్తేయండి. చట్టం చదవనివాడు కోర్టు కాగితం ముట్టుకోకూడదు. వైద్యం చదవనివాడి చేతికి కత్తి ఇస్తామా? ఏ కాగితమైనా వకీలే రాయాలి. లేనివాళ్లకు మేమే ఉచితంగా రాసిపెడతాం."

నాకది సబబుగానే తోచింది. ఆ రోజు నన్ను అడిగి ఉంటే అదే చెప్పేవాణ్ని.

ఆమెకూ అర్థం కావాలని మున్షీ గారు తెలుగులోనే మాట్లాడారు. నేను తర్జుమా చేస్తూ పోయాను. "వకీల్ సాబ్ చెప్పింది తప్పు కాదు హుజూర్. మాలో దొంగలున్నరు, నేనే చూసిన. కాని షెడ్డు తీసేస్తే ఈ చెల్లె యాడికి పోవాలె? వకీల్ సాబ్ ఇంటి మెట్లు ఎక్కాల్నంటే ఆమెకు ఒక దినం పని బందు పెట్టాలె, పది దినాల ధైర్యం కూడగట్టుకోవాలె. మా చాప కాడికి వస్తే చెప్పులు సుత ఇడువనక్కర లేదు."

మున్సిఫ్ గారు ఆమెను అడిగించారు. నీకు ఎవరు రాస్తే బాగుంటుంది, చట్టం చదివినవారా, షెడ్డులో వాళ్లా?

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ తరువాత తీసేసి అంది. "కానూన్ నాకెర్క లేదు సారూ. నేను చెప్పింది రాసెటోడు గావాలె. రాసినంక, ఏం రాసిండో నాకు చెప్పెటోడు గావాలె. ఆయన ఎవరైతే ఏంది?"

నేను తర్జుమా చేశాను. వకీలు గారు ఆమె వైపు కొత్తగా చూశారు.

ఆ మధ్యాహ్నమే చిత్తు తయారైంది. షెడ్డు ఉంటుంది, కానీ పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్నవాళ్లే రాయాలి. రాసినవాడు కింద తన పేరు పెట్టాలి. ఏ భాషలో చదివి వినిపించాడో రాయాలి. పార్టీ చేత తిరిగి చెప్పించుకున్నాకే వేలిముద్ర వేయించాలి. అబద్ధమని తేలితే లైసెన్సు పోతుంది. ఇక లేస్తామనగా మున్షీ గారు, "ఇంకొక మాట హుజూర్" అన్నారు.

"అర్జీ పార్టీ భాషలనే ఉండాలె. ఉర్దూ మాట్లాడెటోళ్లకు ఉర్దూల, తెలుగోళ్లకు తెలుగుల. ఇంటికి తీస్కపోతే, సదువుకున్న బిడ్డనో తమ్ముడో సదివి చెప్తరు. నా మాట మీదనే ఎందుకు ఇత్‌బార్ పెట్టాలె? నేనే అబద్ధం చెప్పొచ్చు గద."

మున్సిఫ్ గారు నవ్వారు. "నాకు తెలుగు రాదు కదా మున్షీ!"

"మీకు తర్జుమా సాబ్ ఉన్నరు హుజూర్. వాళ్లకెవరున్నరు?"

ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చవలసిన అవసరం లేకపోయింది. అది ఉర్దూలోనే అన్నారు. వకీలు గారు నా చెవిలో దాని అర్థం చెప్పారు. మున్సిఫ్ గారు కలం తీసుకుని ఆ నిబంధన కూడా స్వయంగా రాసుకున్నారు.

బయటికొచ్చాక ఆపుకోలేక అడిగేశాను. "మున్షీ గారూ, మీ దగ్గరికి వచ్చేవాళ్లంతా తెలుగువాళ్లే. మీకు తెలుగు రాయడం రాదు. ఈ నిబంధనతో ముందుగా పని పోయేది మీకే కదా!"

"ఎర్కనే సాబ్" అన్నారు. "నాకు రాదని వాళ్లకు వద్దనాల్నా?"

"మరి ఎలా?"

"నేర్చుకుంట. యాభై అక్షరాలే గద!"

పైకోర్టు నుంచి అనుమతి రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఒక ఏడాది నడిపి చూడమన్నారు. ఈలోగా మున్సిఫ్ గారు మున్షీ గారిని పిలిచి, వయసు దృష్ట్యా ఆయనకు పరీక్ష మినహాయిస్తాననీ, ఉర్దూలోనే రాసుకోవచ్చుననీ అన్నారు. మున్షీ గారు దండం పెట్టి వద్దన్నారు. "నేను అడిగిన కాయిదా నాకే వద్దంటే ఎట్ల హుజూర్?" అన్నారు.

మా పిన్ని ఆయనకు గురువు అయింది. సాయంత్రం కోర్టు వదిలాక మున్షీ గారు నాతో రాంగోపాల్‌పేట వచ్చేవారు. మా వసారాలో ముక్కాలి పీట మీద కూర్చుని, పిన్ని ఇచ్చిన పలక మీద అ ఆలు దిద్దేవారు. నలభై ఏళ్లు కుడి నుంచి ఎడమకు నడిచిన చెయ్యి. ఎడమ నుంచి మొదలుపెట్టినా నాలుగు అక్షరాలు కాగానే ఆగిపోయి, దారి తప్పిన మనిషిలా పలక మీద అటూ ఇటూ చూసేది. పిన్ని ఎవరినీ ఉపేక్షించేది కాదు. "అన్నయ్యగారూ, తలకట్టు ఏది? మళ్లీ రాయండి" అనేది. ఆయన బుద్ధిగా చెరిపేసేవారు.

ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి ఆయన పలక కింద పెట్టేశారు. "ఇన్ని దినాలు నా నోట్ల ఇన్ని ఒత్తులున్నయని నాకెర్కనే లేదు టీచరమ్మా" అన్నారు. పిన్ని అంత గట్టిగా నవ్వడం బాబాయి పోయాక నేను అప్పుడే విన్నాను.

ఒక విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. ఆయన "వచ్చిండు" అని రాస్తే పిన్ని "వచ్చినాడు" అని దిద్దేది.

"పార్టీ 'వచ్చిండు' అన్నది టీచరమ్మా. నేను 'వచ్చినాడు' అని రాస్తే అది ఆమె మాటెట్లయితది?"

"రాత రాతే, మాట మాటే అన్నయ్యగారూ. పుస్తకంలో అలా రాయరు."

"ఇది పుస్తకం కాదమ్మా. ఆమె పరేషానీ."

అయినా పిన్ని దిద్దడం మానలేదు.

పరీక్షకు ముగ్గురు పరీక్షకులు. మున్సిఫ్ గారు, పెద్ద వకీలు, తెలుగు చూడటానికి ఒక హైస్కూలు పండితుడు. మున్షీ గారు తప్పారు. పండితుడు ఆయన కాగితం నిండా ఎర్ర సున్నలు చుట్టారు. "చేసిండు" చుట్టూ ఒక సున్న, "పోయిన్రు" చుట్టూ ఒక సున్న. మూల కూర్చునే ఆయన రాజీనామా గొడవ తరువాత షెడ్డు వైపు రాలేదు గానీ, మిగిలిన ఇద్దరూ పాసయ్యారు. వాళ్లు మున్షీ గారిని చూసి నవ్వుతారేమోనని నేను భయపడ్డాను. వాళ్లు ఆయన చాప తీసి దులిపి ఎప్పటి చోటే పరిచారు.

మళ్లీ పరీక్ష మూడు నెలల తరువాత. ఆ మూడు నెలలూ ఆయన అర్జీ రాయడానికి కలం ముట్టలేదు. అయినా రోజూ వచ్చి కూర్చున్నారు. ఎవరైనా నోటీసు పట్టుకుని వస్తే చదివి చెప్పేవారు. చదవడానికి లైసెన్సు అక్కర్లేదు కదా అనేవారు. ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పిన్ని మాత్రం ప్రతి సాయంత్రం ఏదో ఒకటి వండి, "వాళ్లావిడకు ఇవ్వండి" అని డబ్బాలో పెట్టి పంపేది. అది ఖాళీ డబ్బాగా ఎప్పుడూ తిరిగి రాలేదు. ఒకసారి ఖీర్, ఒకసారి సీతాఫలాలు.

రెండోసారి పరీక్షలో టాంగా తోలే ఒకాయన గోడు విని అర్జీ రాయమన్నారు. మున్షీ గారు కోర్టు అడిగే మాటలన్నీ పండితుడికి నచ్చే తెలుగులో రాశారు. పార్టీ చెప్పిన సంగతి దగ్గరికి వచ్చేసరికి, అతని మాటలనే ఉన్నవి ఉన్నట్టు రాసి, కింద "ఇవి పార్టీ మాటలు" అని గీత గీశారు. పండితుడు మళ్లీ ఎర్ర పెన్సిలు తీశారు.

పెద్ద వకీలు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆగండి పంతులుగారూ. సాక్షి మాటను మనం దిద్దకూడదు. నేను కోర్టులో దిద్దితే ఈ మున్సిఫ్ గారే నన్ను బయటికి పంపుతారు."

ఆ షెడ్డు ఎత్తేయమన్న మనిషే ఈ మాట అన్నారు. పండితుడు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. మున్షీ గారు పాసయ్యారు. నేను వెళ్లి చెబితే, "టీచరమ్మకు ముందు చెప్పిన్రా?" అని అడిగారు.

తిరుమలగిరి ఆమె దావా మళ్లీ మొదటి నుంచి విన్నారు. అత్తగారి కాలంనాటి రసీదులు, లైన్లలో పనిచేసిన ఒక ముసలి హవల్దారు సాక్ష్యం ఆమెకు కలిసొచ్చాయి. ఆమె సాక్ష్యాన్ని నేనే తర్జుమా చేశాను. తడబడకుండా చెప్పింది. జాగా ఆమెకే దక్కింది. తీర్పు చెప్పాక మున్సిఫ్ గారు దాన్ని ఆమెకు తెలుగులో వివరించమన్నారు. అంతా విని, "ఇంకొకపారి చెప్పుండ్రి సారూ" అంది. చెప్పాను.

ఏడాది గడువు కాస్తా రెండేళ్లయింది, తరువాత ఎవరూ గడువు మాట ఎత్తలేదు. పక్క కోర్టుల వాళ్లు మా కాయిదా నకలు పట్టుకెళ్లారు. కొందరు వకీళ్లు చివరిదాకా గొణుగుతూనే ఉన్నారు. తెలుగు అర్జీలన్నీ మున్సిఫ్ గారి కోసం ఇంగ్లీషులోకి మార్చవలసి వచ్చి నా పని మూడింతలైంది. నిజం చెప్పాలంటే, మున్షీ గారిని మనసులో తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

హైదరాబాదు రాష్ట్రం విడిపోయి, తెలుగు జిల్లాలు ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయినప్పుడు నన్ను వరంగల్లు వేశారు. కంటిచూపు తగ్గి మున్షీ గారు అప్పటికే మానేశారు. మానేసిన రోజున లైసెన్సు కాగితాన్ని తానే తెచ్చి కోర్టులో అప్పగించారు. అలా తిరిగి ఇచ్చేయాలని ఏ నిబంధనలోనూ లేదు.

ఆయన పోయిన సంగతి నాకు పది రోజులు ఆలస్యంగా తెలిసింది. పిన్నిని తీసుకుని సీతాఫల్‌మండి వెళ్లాను. పిన్ని లోపల వాళ్లావిడ దగ్గర కూర్చుంది. బయట అరుగు మీద పెద్ద వకీలు గారు ఉన్నారు. ఆయనా ముసలివారైపోయారు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నేను చాలా దావాలు ఓడిపోయాను" అన్నారు. "ఆ షెడ్డు వాదంలో ఈయన చేతిలో ఓడినందుకు మాత్రం ఏనాడూ బాధపడలేదు."

లోపలి నుంచి టీ వచ్చింది. తాగి, వాళ్లావిడకు చెప్పి, ముగ్గురం కలిసి స్టేషను వైపు నడిచాం.